దోమ దగ్గర ఆగిపోయే మొండితనం

మైక్రోస్కోపు ముందు కూర్చోండి. గాజు పలక మీద ఒక చుక్క రక్తాన్ని పలచగా పూసి, ఆరబెట్టి, గీమ్సా రంగు పట్టించారు. దాని మీద ఒక బొట్టు నూనె వేసి, వెయ్యి రెట్లు పెద్దగా చూపించే కటకాన్ని ఆ నూనెకు తగిలేదాకా దించండి. మరను మెల్లగా తిప్పుతుంటే మసక విడిపోయి ఎర్ర రక్తకణాలు తేలతాయి. లేత గులాబీ రంగు, గుండ్రటి అంచులు, నడిమధ్య కాస్త వెలిసినట్టు. పలకను పక్కకు జరుపుతూ పోండి. పది కణాలు దాటాయి, వంద దాటాయి, ఏమీ లేదు. ఆ తర్వాత ఒకదానిలో సన్నటి నీలి ఉంగరం. ఉంగరానికి ఒక పక్క ఎర్రటి చుక్క. దాని పక్క కణంలో రెండు ఉంగరాలు.

అది ప్లాస్మోడియం ఫాల్సిపారం. మలేరియా పరాన్నజీవుల్లో అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసేది అదే.

మీరున్నది లండన్‌లో. ఇరవై ఒకటో శతాబ్దం ఇప్పుడిప్పుడే మొదలైంది. ఈ రక్తం ఇచ్చిన మనిషి నైజీరియాలోని లేగోస్‌లో నాలుగు వారాలు గడిపి వచ్చాడు. మలేరియా రాకుండా ముందుగా వేసుకోవలసిన మాత్రలేవీ వేసుకోలేదు. తిరిగొచ్చిన రెండు వారాలకు జ్వరంతో ఆసుపత్రికి వచ్చాడు. అప్పటికి కొత్తగా వచ్చిన మలరోన్ మాత్రలు మూడు రోజులు ఇచ్చారు. ఒక్కో మాత్రలో 250 మిల్లీగ్రాముల అటోవాక్వోన్, 100 మిల్లీగ్రాముల ప్రొగ్వానిల్. పెద్దవాళ్లకైతే రోజుకు నాలుగు మాత్రలు, అదీ కొవ్వున్న భోజనంతోనో పాలతోనో. ఖాళీ కడుపున వేసుకుంటే అటోవాక్వోన్ ఒంటికి సరిగా పట్టదు. కోర్సు పూర్తయింది. 28 రోజులకు రక్తంలో మళ్లీ ఉంగరాలు కనిపించాయి.

కళ్లు చికిలించి ఎంతసేపు చూసినా ఈ ఉంగరం మందుకు లొంగేదో, లొంగనిదో మీకు తెలియదు. రెండూ ఒకేలా ఉంటాయి. తేల్చాలంటే రెండు పనులు చేయాలి. ఈ పరాన్నజీవిని ప్రయోగశాలలో మనిషి రక్తకణాల మీద పెంచి, మందు పోసి చూడాలి. దాని జన్యువు చదవాలి. లండన్ పరిశోధకులు రెండూ చేశారు. మనం రెండో పనితో వెళదాం.

రక్తం నుంచి డీఎన్‌ఏ విడదీశారు. మీ చేతిలో ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టంలో కంటికి కనిపించేది ఒకటి రెండు చుక్కల నీళ్ల లాంటి ద్రవం మాత్రమే. అందులో ఆ రోగి డీఎన్‌ఏ ఉంది, పరాన్నజీవి డీఎన్‌ఏ ఉంది. పీసీఆర్ యంత్రం మూత తీసి గొట్టాన్ని గుంటలో పెట్టండి. యంత్రం దాన్ని 95 డిగ్రీల దాకా వేడి చేస్తుంది. డీఎన్‌ఏ రెండు పేటలు విడిపోతాయి. వేడి తగ్గుతుంది. మనం వేసిన చిన్న డీఎన్‌ఏ ముక్కలు, ప్రైమర్లు, తమకు సరిపోయే చోటు వెతుక్కుని అతుక్కుంటాయి. మళ్లీ 72 డిగ్రీలు. ఎంజైము కొత్త పేట అల్లుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ముప్పై చుట్లు తిరిగేసరికి, మనకు కావలసిన ఆ ఒక్క ముక్క కోట్ల ప్రతులవుతుంది. ప్రైమర్లు మనిషి జన్యువుల్ని పట్టుకోవు. పరాన్నజీవిలోని సైటోక్రోమ్ బి అనే జన్యువును మాత్రమే పట్టుకుంటాయి.

ఇప్పుడు ఆ ప్రతుల అక్షరాలు చదివే యంత్రం తెర వైపు చూడండి. నాలుగు రంగుల గీతలు ఎగసి పడుతూ ఎడమ నుంచి కుడికి సాగుతున్నాయి. ఒక్కో శిఖరం ఒక్కో అక్షరం: ఎ, టి, జి, సి. ఈ జన్యువులో వెయ్యికి పైగా అక్షరాలుంటాయి. మూడేసి అక్షరాలు కలిసి ఒక అమైనో ఆమ్లాన్ని చెబుతాయి. లెక్క పెట్టుకుంటూ 268వ మూడక్షరాల దగ్గరికి రండి. మామూలు ఫాల్సిపారంలో ఇక్కడ టి-ఎ-టి ఉండాలి. అంటే టైరోసిన్. ఈ తెర మీద మొదటి శిఖరం రంగు మారింది. ఎ-ఎ-టి. టైరోసిన్ ఉండవలసిన చోట ఆస్పరజీన్ కూర్చుంది.

మారింది ఒక్క అక్షరం. పక్క గదిలో అదే పరాన్నజీవి అటోవాక్వోన్ పోసిన ద్రవంలో చావకుండా పెరుగుతోంది. ఆఫ్రికాలో సోకిన ఫాల్సిపారం మలరోన్‌కు లొంగడం లేదని ప్రయోగశాలలోనూ, జన్యువులోనూ కలిపి నిర్ధారించిన మొదటి నివేదిక ఇదే. 2002లో మలేరియా జర్నల్‌లో వచ్చింది. ఆ తర్వాత మలరోన్ పనిచేయని ప్రయాణికుల్లో ఇదే 268వ స్థానంలో మార్పులు పదేపదే బయటపడ్డాయి: టైరోసిన్ బదులు కొందరిలో సిరీన్, కొందరిలో ఆస్పరజీన్, కొందరిలో సిస్టీన్.

ఆ ఒక్క అక్షరం ఏం చేస్తోందో చూడాలంటే ఉంగరం లోపలికి పోవాలి.

ఎర్ర రక్తకణం పొరను దాటండి, పరాన్నజీవి పొరను దాటండి. ఇక్కడ దానికి ఒకే ఒక్క మైటోకాండ్రియా ఉంది. మన కండర కణాల్లో అవి వందల్లో ఉంటాయి. ఇది ఒంటరిది. దాని డీఎన్‌ఏ కూడా అంతే పొదుపు. మన మైటోకాండ్రియా డీఎన్‌ఏ 16,569 అక్షరాలు, 13 ప్రొటీన్లకు జన్యువులు. పరాన్నజీవిది దాదాపు 6,000 అక్షరాలు, మూడే ప్రొటీన్లు. మిగిలిన జన్యువులన్నీ కోట్ల ఏళ్ల పరిణామంలో కేంద్రకానికి తరలిపోయాయి, లేదా అంతరించాయి. వదలకుండా పట్టుకున్న ఆ మూడింటిలో ఒకటి సైటోక్రోమ్ బి.

రక్తంలో ఉన్నంతకాలం పరాన్నజీవి శక్తికి మైటోకాండ్రియా మీద పెద్దగా ఆధారపడదు. చుట్టూ ఉన్న రక్తంలో గ్లూకోజు పుష్కలం. దాన్ని విరగ్గొట్టుకుని బతికేస్తుంది. మరి మైటోకాండ్రియాను ఆపే మందు దాన్ని ఎందుకు చంపుతుంది? ఈ ప్రశ్న చాలాకాలం వేధించింది. జవాబు ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అక్కడ అఖిల్ వైద్య బృందం ఏళ్ల తరబడి ఈ ఒంటరి మైటోకాండ్రియా వెంటపడింది.

డీఎన్‌ఏ అల్లుకోవడానికి పిరిమిడిన్లు కావాలి. మన కణాలు వాటిని సొంతంగా తయారు చేసుకోగలవు, బయట దొరికితే ఏరుకోగలవు కూడా. పరాన్నజీవికి ఏరుకోవడం చేతకాదు. ప్రతి ఒక్కటీ తనే తయారు చేసుకోవాలి. ఆ తయారీలో ఒక మెట్టు దగ్గర ఎలక్ట్రాన్లు మిగులుతాయి. వాటిని మోసుకుపోవడానికి యుబిక్వినోన్ అనే అణువు ఉంది. మార్కెట్ యార్డులో హమాలీని తలుచుకోండి. లారీ దగ్గర బస్తా భుజానికెత్తుకుంటాడు, గోదాములో దించుతాడు, ఖాళీ భుజంతో మళ్లీ లారీ దగ్గరికి వస్తాడు. గోదాము తలుపు మూసేస్తే బస్తాతో అక్కడే నిలబడిపోతాడు. లారీ దగ్గర బస్తాలు కదలవు. యుబిక్వినోన్ ఆ హమాలీ. బరువు దించే గోదాము సైటోక్రోమ్ బి ఉన్న ప్రొటీన్ల కూటమి. అటోవాక్వోన్ వచ్చి సరిగ్గా దించే చోట ఇరుక్కుంటుంది. ఖాళీ యుబిక్వినోన్ తిరిగి రాదు. పిరిమిడిన్లు ఆగిపోతాయి. పరాన్నజీవి తన డీఎన్‌ఏకు మరో ప్రతి రాసుకోలేక చస్తుంది.

2007లో నేచర్ పత్రికలో ఈ బృందం దీన్ని ఎంత చక్కగా నిరూపించిందో చూడండి. పిరిమిడిన్ తయారీలో ఆ మెట్టును యుబిక్వినోన్ అవసరం లేకుండా నడిపే ఎంజైము ఈస్ట్‌లో ఉంది. ఆ ఈస్ట్ జన్యువును మలేరియా పరాన్నజీవిలో పెట్టారు. ఇప్పుడు అటోవాక్వోన్ పోసినా అది చావలేదు, పెరుగుతూనే ఉంది. రక్తంలో ఉన్న పరాన్నజీవికి ఎలక్ట్రాన్లను మోసే ఈ మైటోకాండ్రియా గొలుసుతో ఉన్న పెద్ద అవసరం ఇంతేనన్నమాట: పిరిమిడిన్ల కోసం యుబిక్వినోన్‌ను ఖాళీ చేసి పంపడం. ఈ మాట గుర్తుంచుకోండి. దోమ దగ్గరికి వెళ్లాక ఇదే అంతా తేలుస్తుంది.

మందు ఇరుక్కునే ఆ సందులోకే ఇప్పుడు తొంగి చూడండి. గోడలో ఒక చోట టైరోసిన్ ఉంది. దాని ఉంగరంలాంటి పెద్ద పక్కభాగం అటోవాక్వోన్‌ను ఆనుకుని పట్టి ఉంచుతుంది. అదే 268వ స్థానం. అక్కడ చిన్న సిరీన్‌నో, వేరే తరహా ఆస్పరజీన్‌నో పెడితే సందు ఆకారం మారుతుంది. మందు పట్టు దొరక్క జారిపోతుంది. యుబిక్వినోన్ మాత్రం కాస్త తడబడినా తన బరువు దించుకోగలుగుతుంది. తడబాటు ఉన్నా రక్తంలో బతకడానికి అది సరిపోతుంది.

ఈ మార్పు రోగి ఒంట్లోకి ఎప్పుడు వచ్చింది? లేగోస్‌లో కుట్టిన దోమతోనే వచ్చిందా? చికిత్స మొదలుపెట్టిన రోజు రక్తాన్నీ, మందు విఫలమైన రోజు రక్తాన్నీ పక్కపక్కన పెట్టి చదివిన కేసులున్నాయి. చాలావాటిలో మొదటి రోజు అక్షరాలు మామూలుగానే ఉన్నాయి. మార్పు తర్వాతే కనిపించింది. అంటే మార్పు రోగి ఒంట్లోనే పుట్టి, మందు నీడలో పెరిగింది.

లెక్క చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. పెద్దమనిషి ఒంట్లో ఐదు లీటర్ల రక్తం, అందులో దాదాపు 25 లక్షల కోట్ల ఎర్ర కణాలు. నూటికి ఒక కణంలో పరాన్నజీవి ఉన్నా 25,000 కోట్ల పరాన్నజీవులు. ఒక్కోదాని మైటోకాండ్రియాలో ఈ జన్యువుకు ఇరవై దాకా ప్రతులు. ఇన్ని ప్రతుల్లో ఎక్కడో ఒకచోట 268 దగ్గర తప్పు పడడం అసాధ్యమేమీ కాదు. 1990ల్లో థాయ్‌లాండ్‌లో అటోవాక్వోన్ ఒక్కదాన్నే ఇచ్చి చూసినప్పుడు దాదాపు మూడో వంతు రోగుల్లో జ్వరం తిరగబెట్టింది. అందుకే ప్రొగ్వానిల్‌ను జోడించారు. మైటోకాండ్రియా పొర మీది విద్యుత్ ఒత్తిడిని అటోవాక్వోన్ కూలుస్తుంటే, ప్రొగ్వానిల్ ఆ కూల్చడాన్ని ఇంకా సులువు చేస్తుంది. ఈస్ట్ జన్యువుతో బతికి బయటపడ్డ ఆ పరాన్నజీవి కూడా ప్రొగ్వానిల్ కలిపేసరికి మళ్లీ మందుకు లొంగింది. జంట మందు ఎందుకు అవసరమో ఇంతకంటే సూటిగా చెప్పే ప్రయోగం లేదు. ఆ జంటలోనూ ఒక లోపముంది. ప్రొగ్వానిల్ ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతుంది. అటోవాక్వోన్ సగానికి తగ్గడానికే రెండు మూడు రోజులు పడుతుంది. చివరి రోజుల్లో అది ఒంటరిగా మిగులుతుంది. ఆ ఒంటరి రోజులే మారిన పరాన్నజీవికి అదను.

*

ఇప్పుడు ప్రయోగశాల వదిలి మధ్య ఆఫ్రికా అడవికి రండి. చెట్ల కింద తడి నేల, చిమ్మచీకటి లాంటి నీడ. గొరిల్లాల గుంపు పొద్దున్నే లేచి వెళ్లిపోయింది. అవి పడుకున్న చోట పేడ మిగిలింది. చేతికి తొడుగు వేసుకుని దానిలో కొంచెం తీసి, డీఎన్‌ఏ పాడుకాకుండా కాపాడే ద్రవమున్న గొట్టంలో వేసి మూత బిగించండి. గొరిల్లాకు మత్తుమందు అక్కర్లేదు, సూది అక్కర్లేదు. అది మిమ్మల్ని చూడనైనా చూడలేదు.

మలేరియా రక్తంలో ఉంటుంది కదా, పేడలో ఏం దొరుకుతుందని అనిపిస్తుంది. దొరుకుతుంది, అతి స్వల్పంగా. ఆ స్వల్పాన్ని పట్టుకోవడానికే మైటోకాండ్రియా జన్యువు కావాలి. మలేరియా పరీక్షల్లో ఎక్కువగా వాడే కేంద్రకంలోని రైబోసోమ్ జన్యువుకు పరాన్నజీవిలో ఉండేవి నాలుగు నుంచి ఎనిమిది ప్రతులు. సైటోక్రోమ్ బికి అంతకంటే చాలా ఎక్కువ ప్రతులు. వెతికేది తక్కువగా ఉన్న చోట ప్రతులు ఎక్కువున్న జన్యువే ముందు దొరుకుతుంది. రోగి రక్తంలో పరాన్నజీవులు మైక్రోస్కోపుకు అందనంత తక్కువగా ఉన్నప్పుడూ ఇదే లాభం.

ఇలా దాదాపు 3,000 పేడ నమూనాల్ని పరీక్షించిన పరిశోధన 2010లో నేచర్‌లో వచ్చింది. బియాట్రిస్ హాన్, పాల్ షార్ప్ వంటివారు అందులో ఉన్నారు. చింపాంజీల్లో, గొరిల్లాల్లో దొరికిన పరాన్నజీవుల జన్యు అక్షరాల్ని వరుసగా పేర్చి, ఏది దేనికి దగ్గరో చెట్టు గీశారు. మనిషిలోని ఫాల్సిపారం ఆ చెట్టులో చింపాంజీల కొమ్మ మీద లేదు. పశ్చిమ గొరిల్లాల పరాన్నజీవుల మధ్య ఒక చిన్న రెమ్మగా ఉంది. మనుషుల్ని ఇంతగా చంపిన పరాన్నజీవి గొరిల్లాల నుంచి మనకు దాటిందని పేడలోని జన్యువు చెప్పింది.

పక్షుల మలేరియాను చదివేవాళ్లయితే పూర్తిగా సైటోక్రోమ్ బి మీదే నిలబడ్డారు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో స్టాఫన్ బెన్ష్, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన మాల్‌అవి సమాచార నిధిలో ప్రతి పక్షి మలేరియాకూ గుర్తింపు సైటోక్రోమ్ బిలోని 479 అక్షరాలే. హవాయి దీవుల్లో తేనె తాగే పక్షుల్ని తుడిచిపెడుతున్న ప్లాస్మోడియం రెలిక్టం వంశాన్ని కూడా ఆ వరుసతోనే గుర్తుపడతారు.

ఒకే జన్యువు గుర్తింపు చీటీగా ఇంత బాగా పనిచేయడానికి ప్రతుల సంఖ్యతో పాటు ఇంకో కారణం ఉంది. కేంద్రకంలోని జన్యువులు ప్రతి తరంలో తల్లివీ తండ్రివీ కలిసి, ముక్కలై, కొత్తగా అతుక్కుంటాయి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. ఎవరితోనూ కలవదు. అందుకే వంశం గీత చెదరకుండా మిగులుతుంది. మలేరియా పరాన్నజీవిలోనూ మగ, ఆడ ఉంటాయి. వాటి కలయిక జరిగేది దోమ కడుపులో. గుర్తింపుకు సాయపడిన ఈ తల్లివారసత్వమే మందుకు లొంగని మొండితనం ఎంతదూరం పోతుందో కూడా నిర్ణయిస్తుంది. అది చూడడానికి దోమను కోయాలి.

*

దోమ కడుపు కోసి మలేరియా రహస్యం మొదట చూసిన చోటు మన సికింద్రాబాదులోనే ఉంది. 1897 ఆగస్టు 20, బేగంపేట. రొనాల్డ్ రాస్ వంగి కూర్చున్నాడు. గాలి ఆడడం లేదు. పంకా లాగిస్తే కోసి పెట్టిన దోమలు ఎగిరిపోతాయని దాన్ని ఆపించాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ అది. కాటుకు ఒక అణా చొప్పున ఆ రోగికి రాస్ డబ్బిచ్చాడు. దోమ పొట్ట గోడ మీద, ఉండకూడని గుండ్రటి కణాలు కనిపించాయి. లోపల నల్లటి రేణువులు, మలేరియా రోగి రక్తంలో ఉండే రేణువులే. మర్నాడు కోసిన ఇంకో దోమలో అవే కణాలు ఇంకా పెద్దవై ఉన్నాయి. పరాన్నజీవి దోమలో పెరుగుతోంది. ఆ కణాల్నే ఇప్పుడు ఊసిస్టులు అంటున్నాం. అప్పటి ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో రాస్ పేరుతోనే ఉంది.

రాస్ చేసిన పనే ఈనాటికీ చేస్తారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం. మీ ముందు గాజు పలక, ఉప్పునీటి చుక్క, అందులో చల్లబరిచి కదలకుండా చేసిన అనాఫిలిస్ ఆడదోమ. ఎడమ చేతి సూదితో రొమ్ముభాగాన్ని అదిమి పట్టండి. కుడి చేతి సూదితో తోక కొసను పట్టి నెమ్మదిగా లాగండి. తొందరపడితే తెగిపోతుంది. మెల్లగా లాగితే పొట్ట తిత్తి, పేగు, తెల్లటి అండాశయాలు చుక్కలోకి జారివస్తాయి. ఆ తిత్తికి రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి, గోడ మీది ఊసిస్టుల్ని లెక్కపెట్టండి.

ఆ తిత్తిలో జరిగే కథ ఇది. దోమ మలేరియా రోగి రక్తం తాగగానే, అందులోని మగ పరాన్నజీవి పావుగంటలోపే ఎనిమిది సన్నటి మగ బీజాలుగా విడిపోయి ఈదుతుంది. వాటిలో ఒకటి ఆడ బీజాన్ని చేరుతుంది. మగబీజం మైటోకాండ్రియాను తీసుకురాదు. బిడ్డకు ఉన్నది తల్లి మైటోకాండ్రియా మాత్రమే. బిడ్డ పొట్ట గోడను తొలుచుకుని అవతలికి చేరి ఊసిస్టుగా కూర్చుంటుంది. పది పదిహేను రోజుల్లో ఒక్కో ఊసిస్టు వేల స్పోరోజోయిట్లుగా పగిలి దోమ లాలాజల గ్రంథుల్ని చేరుతుంది. అంతటి పెరుగుదలకు కావలసిన శక్తి దోమలో గ్లూకోజు విరగ్గొడితే చాలదు. రక్తంలో ఉన్నప్పుడు మైటోకాండ్రియా లోపలి మడతలు లేని పరాన్నజీవి, దోమకు సిద్ధమయ్యేటప్పుడు ఆ మడతల్ని పెంచుకుంటుంది. రక్తంలో పిరిమిడిన్లకే పనికొచ్చిన గొలుసు ఇక్కడ ఊపిరి అవుతుంది. అది పూర్తి బలంతో నడవాలి.

268వ స్థానంలో మార్పుతో తడబడే గొలుసు రక్తంలో చాలింది. దోమలో చాలదు. క్రిస్టఫర్ గుడ్‌మన్, జెఫ్ మెక్‌ఫాడెన్ బృందం 2016లో సైన్స్ పత్రికలో చెప్పింది ఇదే. అటోవాక్వోన్ ఒత్తిడితో ఎంపికైన మారిన సైటోక్రోమ్ బి పరాన్నజీవులు రక్తంలో బతుకుతాయి, దోమలో పెరుగుదల మధ్యలో ఆగిపోతాయి. మరో మనిషికి పోవలసిన స్పోరోజోయిట్లు తయారు కావు. మామూలు మగతో కలిపినా లాభం లేదు. మగ నుంచి మంచి మైటోకాండ్రియా రాదు, లోపం తల్లి నుంచే వస్తుంది. ప్రయోగశాలలో ఎలుకల మలేరియాలోనూ, మనుషుల ఫాల్సిపారంలోనూ చూశారు. 2023లో మరో పరిశోధన, రోగుల్లో దొరికే 268 సిరీన్ మార్పున్న ఫాల్సిపారం దోమ ద్వారా మరొకరికి చేరడం లేదని మళ్లీ చూపించింది.

ఇదెంత అరుదైన విషయమో వేరే మందుల పక్కన పెట్టి చూస్తేనే అర్థమవుతుంది. క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం 1950ల చివరలో థాయ్-కంబోడియా సరిహద్దులో బయటపడింది. 1970ల చివరికి తూర్పు ఆఫ్రికాలో కనిపించింది. తర్వాత ఖండమంతా పాకింది. లక్షల మంది పిల్లలు పోయారు. దాన్ని మోసిన జన్యువు కేంద్రకంలో ఉంది. దోమలో ఊపిరిని ఆపదు, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ దాటుతుంది. ఆర్టిమిసినిన్ మందు పనిని ఆలస్యం చేసే కెల్చ్13 జన్యువు మార్పులూ కేంద్రకంలోవే. అవి ఆగ్నేయాసియాలో వ్యాపించాయి, ఆఫ్రికాలో విడిగానూ పుట్టాయి. ఆ మొండితనాలు దోమ గుమ్మం దాటగలిగాయి. అటోవాక్వోన్‌కు ఎదురు తిరిగిన మొండితనం ఆ గుమ్మం దగ్గర చచ్చిపోతుంది.

అలాగని ఈ మందు చేతికొచ్చినట్టు వాడొచ్చని అనుకోకూడదు. మొండితనం మరొకరికి పోదన్న ఊరట లేగోస్ నుంచి వచ్చిన ఆ రోగికి ఏమీ అక్కరకు రాలేదు. అతనికి మళ్లీ జ్వరం వచ్చింది. ఫాల్సిపారం మెదడుకెక్కితే రోజుల్లో ప్రాణం పోతుంది. మందు విఫలమైన ప్రతి రోగిలోనూ 268వ స్థానం చదవాలి, వేరే మందు వెంటనే మొదలుపెట్టాలి. మార్పు లేకపోతే మందు ఒంటికి పట్టలేదేమో చూడాలి. పట్టు వదలని పరాన్నజీవి ఇంకెక్కడో సరిపెట్టుకుని దోమను దాటే దారి కనిపెట్టే అవకాశాన్ని కొట్టిపారేయకూడదు. అందుకే నిఘా ఆపకూడదు.

అసలు ఆశ ఇంకో చోట ఉంది. రోగికి ఇచ్చే మందును దోమకే ఇస్తే? హార్వర్డ్‌లో ఫ్లామీనియా కటెరూషియా బృందం 2019లో నేచర్‌లో ప్రకటించిన ప్రయోగం చూడండి. గాజు పలక మీద అటోవాక్వోన్ పలచటి పూత. ఆడ దోమను ఆరు నిమిషాలు దాని మీద వాలనిచ్చారు. మందు కాళ్ల ద్వారానే లోపలికి పోయింది. ఆ తర్వాత ఆ దోమ ఫాల్సిపారం ఉన్న రక్తం తాగినా పొట్టలో పరాన్నజీవి పూర్తిగా ఆగిపోయింది. దోమ చావలేదు, దానిలోని మలేరియా చచ్చింది. 2025లో అదే వైపు నుంచి ఇంకో అడుగు పడింది. అటోవాక్వోన్‌లాగే ఈ గొలుసు మీద, వేర్వేరు చోట్ల దెబ్బకొట్టే రెండు కొత్త క్వినోలోన్ మందుల్ని దోమతెర పదార్థం లాంటి ప్లాస్టిక్‌లో కలిపి చూశారు. పురుగుమందుకు లొంగని దోమల్లోనూ పరాన్నజీవి చచ్చింది.

దీని విలువ ఏజెన్సీ గూడేల్లో పనిచేసిన ఏ ఆరోగ్య కార్యకర్తకూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పాడేరు మన్యంలో వానాకాలం మొదలవగానే పంచే దోమతెరల మీద ఉన్నది పురుగుమందు. దోమలు దానికి అలవాటు పడుతున్నాయి. రేపు అదే తెర మీద పరాన్నజీవిని చంపే మందు ఉంటే, దానికి ఎదురు తిరగాలంటే పరాన్నజీవి తన సైటోక్రోమ్ బినే మార్చుకోవాలి. దోమలో బతకడానికి సరిగ్గా కావలసింది ఆ సైటోక్రోమ్ బియే. తప్పించుకునే దారి చాలా ఇరుకు. ఇది ఇంకా ప్రయోగశాలల్లోనే ఉంది, ఊళ్లకు రాలేదు. వచ్చేలోపు అది మనుషులకు ఎంత సురక్షితమో, ఎన్నాళ్లు పనిచేస్తుందో తేల్చాలి.

ఇన్నాళ్లూ మందుల మీద మన తూకమంతా రోగి ఒంట్లోనే సాగింది. పరాన్నజీవి చచ్చిందా, బతికిందా, ఎన్ని రోజుల్లో తిరగబెట్టింది? ఆ లెక్క రోగికి కావాలి, తప్పదు. కానీ ఊరికీ దేశానికీ కావలసిన లెక్క వేరు. మందుకు లొంగని పరాన్నజీవి దోమను దాటుతుందా, దాటదా? కొత్త మందును ఎంపిక చేసేటప్పుడే, అది ఊళ్లలోకి వెళ్లకముందే, దానికి తలొగ్గని పరాన్నజీవుల్ని దోమల్లో పెట్టి ఈ ప్రశ్న అడగాలి. దోమను దాటలేని మొండితనాన్ని మాత్రమే పుట్టించే మందుల్ని ముందు వరుసలో పెట్టాలి. క్లోరోక్విన్‌ను పోగొట్టుకున్న తర్వాత నేర్చుకున్న పాఠాన్ని మరో మందు పోకముందే వాడుకోవడం మన చేతిలో ఉంది.